ఇల్లు మారేటప్పుడు బంగారం ఎవరి చేతిలో ఉండాలి?

ఏడాది పొడవునా రాత్రి పడుకోబోయే ముందు గడియ పడిందో లేదో రెండోసారి చూసుకునే కుటుంబం, ఇల్లు మారే రోజున తలుపులు బార్లా తెరిచి పెడుతుంది. అంతకుముందెన్నడూ చూడని నలుగురైదుగురు మనుషులు పడగ్గది దాకా వస్తారు. బీరువా ఎక్కడుందో, అందులోంచి ఏ గుడ్డసంచి తీసి ఎవరి చేతికిచ్చారో అందరి కళ్లముందే జరిగిపోతుంది. ఇంట్లోవాళ్లలో ఒకరు కింద లారీ దగ్గర, ఒకరు వంటింట్లో, ఇంకొకరు తాళాలు పట్టుకుని కొత్త ఇంటి దగ్గర ఉంటారు. ఎవరి దగ్గర ఏముందో ఎవరికీ పూర్తిగా తెలియని ఆ ఒకటి రెండు రోజులే ఇంటి వస్తువులకు అసలైన గండం. దీని గురించి ముందుగా కూర్చుని మాట్లాడుకునే ఇళ్లు తక్కువ. ఏదైనా పోయాక ఏళ్ల తరబడి మాట్లాడుకునే ఇళ్లు ఎక్కువ.

ఈ విషయాన్ని చట్టం వైపు నుంచి, బీమా వైపు నుంచి, బ్యాంకు లాకరు వైపు నుంచి, మన ఆచారాల వైపు నుంచి చూసుకుంటూ వస్తే నాకు తేలింది ఒక్కటే. విలువైన వస్తువులు ఇంటి సామానుతో కలిసి ప్రయాణం చేయకూడదు. లారీ రాకముందే అవి ఆ ఇల్లు దాటాలి, ఒకే మనిషి చేతిలో, రాసుకున్న జాబితాతో. ఎందుకంటే చట్టం ఇప్పించే పరిహారానికీ, బీమాకూ, లాకరుకూ కూడా హద్దులున్నాయి. ఆ హద్దులు మనకు వస్తువు పోయాకే తెలుస్తున్నాయి.

ముందు, ఏవి విలువైనవో తేల్చుకోవాలి. హారం, వడ్డాణం, కాసులపేరు, గాజులు, నల్లపూసలు ఎవరైనా గుర్తుపెట్టుకుంటారు. గుర్తుండనివి వెండివి. దేవుడి గూట్లో కుందులు, హారతి పళ్లెం, పంచపాత్ర, ఉద్ధరిణి. వంటింట్లో ఎప్పుడో పెళ్లికి వచ్చిన వెండి గ్లాసులు. పిల్లలు పెద్దవాళ్లయ్యాక పాత బట్టల మధ్య మిగిలిపోయిన ఉగ్గుగిన్నె, చిన్న పట్టీలు. వీటిని నగల్లో లెక్కపెట్టరు, సామానులో లెక్కపెడతారు. పాతపేపరులో చుట్టి, స్టీలు గిన్నెలతో పాటు అట్టపెట్టెలో వేసేస్తారు. కొత్త ఇంట్లో పెట్టెలు విప్పాక చుట్టూ గుట్టగా పేరుకున్న కాగితాలన్నీ ఒక్కసారిగా చెత్తబండిలోకి వెళతాయి. కాగితం ఉండలో చుట్టిన ఉద్ధరిణి బరువెంత? చేత్తో పట్టుకుంటే తెలియనే తెలియదు. ముక్కుపుడక సంగతి మరీ కష్టం. నగల దుకాణంవాళ్లు చుట్టి ఇచ్చే పల్చటి గులాబీరంగు కాగితంలో, అదే మడతల్లో, అది ఏళ్ల తరబడి ఉంటుంది. చీపురుకు మొదట అందేది అలాంటి కాగితమే.

దాచుకునే అలవాటు మనకు కొత్తేమీ కాదు. భోషాణాల కాలంలో వాటి మీదే పక్క పరుచుకుని పడుకునేవాళ్లు. భూమిలో బిందెలు పాతిపెట్టిన కథలు ప్రతి ఊళ్లోనూ ఉన్నాయి. భోషాణం పోయి ఇనప్పెట్టె, ఇనప్పెట్టె పోయి బీరువా వచ్చినా బీరువాను పూర్తిగా నమ్మని ఇల్లాళ్లు ఇప్పటికీ బియ్యం డబ్బాలోనో, పాత చీర మడతల్లోనో, దిండు గలీబులోనో, అటక మీద బొమ్మల కొలువు పెట్టెలోనో ఒకటి రెండు వస్తువులు వేరుగా పెడతారు. మామూలు రోజుల్లో ఇది తెలివైన పనే. ఇల్లు మారేటప్పుడు మాత్రం ఇదే ప్రమాదం. ఆ చోటు తెలిసింది ఒక్కరికే. ఆ ఒక్కరు పెద్దావిడ అయి, మతిమరుపు మొదలై ఉంటే, లేదా ఆమె కాలం చేసి ఉంటే ఇక చెప్పేవాళ్లే ఉండరు. కొత్త ఇంట్లో పట్టదని పాత దిండ్లు, పాత బీరువా, అటక మీది డబ్బాలు పాత సామాన్ల వాడికి వేసేస్తాం కదా, దాచిన వస్తువు కూడా వాటితోనే గడప దాటుతుంది.

హైదరాబాద్ చరిత్రలోనే ఇందుకు పెద్ద ఉదాహరణ ఉంది. 184.75 క్యారెట్ల జాకబ్ వజ్రాన్ని ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ కొన్నాడు. ఆయన 1911లో పోయాడు. తర్వాత కొన్నేళ్లకు ఆ వజ్రం ఆయన పాత చెప్పు ముందుభాగంలో కుక్కి ఉండగా కొడుకు ఉస్మాన్ అలీఖాన్‌కు దొరికిందని చెబుతారు. ఆయన దాన్ని బల్లమీద కాగితాల బరువుగా వాడాడు. ఆ తర్వాత నిజాం నగల్లో భాగంగా 1995లో భారత ప్రభుత్వం కొన్న 173 వస్తువుల్లో అదీ ఒకటి. మొత్తానికి చెల్లించింది 218 కోట్ల రూపాయలు. ఆ చెప్పును ఎవరో పనికిరాదని పారేసి ఉంటే వజ్రం అక్కడితో సరి. రాజుల ఇంట్లోనే దాచినచోటు మరుగున పడిపోగా మామూలు ఇళ్లలో పడకుండా ఎలా ఉంటుంది?

అందుకే ఇల్లు మారే పనిలో మొదటిది అట్టపెట్టెలు కొనడం కాదు. కనీసం రెండు వారాల ముందు ఇంట్లో పెద్దవాళ్లందరూ ఒక మధ్యాహ్నం తలుపులేసుకుని కూర్చుని, దాచిన ప్రతి చోటూ నోటితో చెప్పుకోవాలి. చెప్పినవన్నీ బయటికి తీసి, గుడ్డ మీద పరిచి, ఒక్కొక్కటికీ రెండు వైపులా ఫొటో తీయాలి. బరువు, ఎవరిచ్చారు, బిల్లు ఉందా లేదా రాసుకోవాలి. 2023 ఏప్రిల్ 1 నుంచి అమ్ముతున్న హాల్‌మార్క్ నగల మీద ఆరు అక్షరాలూ అంకెలూ కలిసిన హెచ్‌యూఐడీ గుర్తు ఉంటుంది. భూతద్దంతో చూసి దాన్ని కూడా రాసుకోండి. పోయిన గొలుసు పోలీసులకు దొరికినా అది మీదేనని రుజువు చేయాల్సి వస్తుంది. అచ్చం అలాంటి గొలుసులు ఊళ్లో వందల ఇళ్లలో ఉంటాయి, కానీ ఆ గుర్తు ఒక్కదానికే ఉంటుంది. జాబితా రెండు ప్రతులు చాలు, ఒకటి ఇంట్లోవాళ్ల దగ్గర, ఒకటి వేరే ఊళ్లో నమ్మకమైన తోబుట్టువు దగ్గర. ఫొటోలు కుటుంబ వాట్సాప్ గ్రూపులో పెట్టకండి.

మన ఆచారంలో ఈ జాగ్రత్త ముందునుంచీ ఉందని నేను గట్టిగా నమ్ముతాను. గృహప్రవేశం నాడు దంపతులు దేవుడి పటం, పసుపు కుంకుమలు, బియ్యం, నీళ్ల బిందె తమ చేతులతో పట్టుకుని కొత్త గడప దాటుతారు. పాలు పొంగించేది ఆ తర్వాతే. ముఖ్యమైనవి బండి మీద రాకూడదు, ఇంటివాళ్ల చేతుల్లో రావాలన్న పద్ధతి అందులోనే ఉంది. కానీ ఆ రోజే ఇంకో చిక్కు కూడా ఉంది. పెట్టుకోవడానికి లాకరులోంచి నగలు తెస్తారు. తెల్లవారుజాము ముహూర్తం, నిద్రలేమి, బంధువులు, వంటవాళ్లు, ఇంకా పని మిగిలిన వడ్రంగులు. స్నానాల గది గట్టు మీద గాజులు, కిటికీలో ఉంగరం, పరుపు కింద హారం. పైగా ఆ రాత్రి కొత్త ఇంట్లోనే నిద్ర చేయాలంటారు. కొందరు మూడు నిద్రలంటారు. సామానంతా ఇంకా పాత ఇంట్లో ఉంటే, అక్కడ మనుషులు లేని రాత్రులు అవి. మరీ ముఖ్యంగా ఊరంతటినీ పిలిచి చేసుకునే వేడుక కనుక, పాత ఇల్లు ఖాళీగా ఉందన్న సంగతి కూడా ఊరంతటికీ తెలుస్తుంది. ఆ రాత్రి పాత ఇంట్లో ఒకరు పడుకోవాలి. అది కుదరకపోతే స్టేషనులో ముందుగా చెప్పాలి. తాళం వేసిన ఇళ్లలో కెమెరా పెట్టి గమనించే ఏర్పాటును ఆంధ్రప్రదేశ్ పోలీసులు తెచ్చారు. అది నడుస్తున్న చోట అడిగి వాడుకోవచ్చు.

ఆషాఢంలోనూ శూన్యమాసాల్లోనూ ఇల్లు మారరు కాబట్టి మంచి రోజులున్న వారాల్లో బండ్లకు విపరీతమైన గిరాకీ ఉంటుంది. తొందరలో ఎవరు దొరికితే వాళ్లను మాట్లాడుకుంటాం. మోసాలు ఎక్కువగా జరిగేది ఇక్కడే. ఫోనులో అందరికంటే తక్కువ రేటు చెబుతారు. పేరున్న కంపెనీ పేరుకు దగ్గరగా ఉండే పేరు పెట్టుకుంటారు. కొద్దిపాటి అడ్వాన్సు తీసుకుని, వచ్చే రోజున మనతో మాట్లాడినవాళ్లు కాకుండా వేరే బండి, వేరే మనుషులు వస్తారు. సామాను ఎక్కించాక, లారీ కదిలాక, ఇంకో 20,000 ఇస్తేనే దించుతామని ఫోను చేస్తారు. మన మంచాలు, పుస్తకాలు వాళ్ల చేతిలో ఉన్నప్పుడు బేరమాడే శక్తి మనకుండదు. ఆ సామానులో నగలు కూడా ఉంటే అడిగినంతా ఇచ్చుకోవలసిందే. రేటు మాట్లాడుకునే ముందే జీఎస్టీ నంబరు తీసుకుని ప్రభుత్వ పోర్టల్‌లో చూస్తే అది ఏ పేరు మీద, ఏ చిరునామాలో ఉందో తెలుస్తుంది. ఇంటికి వచ్చి సామాను చూసి రేటు రాసివ్వమనాలి. బండి వచ్చాక ఎక్కించకముందే నంబరు ప్లేటు ఫొటో తీసి ఎం-పరివాహన్‌లో సరిచూడాలి. ఇవన్నీ కలిపి పావుగంట పని.

ఇక చట్టం. రోడ్డు మీద సరుకు మోసేవాళ్ల బాధ్యతను మన దేశంలో మొదట 1865 క్యారియర్స్ చట్టం నిర్ణయించింది. ఆ చట్టం చివర ఒక పట్టీ ఉండేది. బంగారం, వెండి, ముత్యాలు, నగలు, గడియారాలు, హుండీలు, కరెన్సీ నోట్లు, ఆస్తి దస్తావేజులు, జరీ గుడ్డలు వగైరా అందులో ఉన్నాయి. ఆ పట్టీలోని వస్తువు విలువ 100 రూపాయలు దాటితే, అది ఫలానా వస్తువని, ఇంత విలువని ముందుగా చెప్పకపోతే పోయినా మోసేవాడిది బాధ్యత కాదు. నూటయాభై ఏళ్ల కిందటే చట్టానికి ఈ వస్తువులు మిగతా సామానుతో సమానం కావని తెలుసు. ఆ పాత చట్టం స్థానంలో 2007లో కొత్తది వచ్చి, 2011 మార్చి 1 నుంచి అమల్లో ఉంది. దాని కింద సరుకు మోసే సంస్థ కామన్ క్యారియర్‌గా నమోదు కావాలి, సామాను తీసుకున్నట్టు రసీదు ఇవ్వాలి. అయితే ఎక్కువ రేటు కట్టి ఎక్కువ విలువ రాయించుకోకపోతే, సామాను పోయినా పాడైనా బాధ్యత కట్టిన కిరాయికి పది రెట్ల వరకే. ఊళ్లోనే మారడానికి 8,000 కిరాయి ఇచ్చారనుకోండి, పైకి తేలేది 80,000. పది కాసుల గొలుసుకు అది ఏ మూలకు? దావా వేయాలన్నా, బుక్ చేసిన రోజు నుంచి 180 రోజుల్లోగా రాతపూర్వకంగా నోటీసు ఇచ్చి ఉండాలి. సామాను సర్దుకోవడంలోనే ఆరు నెలలు గడిపేసే కుటుంబాలకు ఈ గడువు సంగతి ఎవరూ చెప్పరు.

గొలుసు అసలు ఆ పెట్టెలో ఉందని రుజువు చేయడం అంతకన్నా కష్టం. రవాణావాళ్లు ఇచ్చే జాబితాలో ‘అట్టపెట్టె, వంటసామాను, 1’ అని ఉంటుంది. లోపల ఏముందో వాళ్లు చూడలేదు, మనం చెప్పలేదు. చాలా రవాణా సంస్థలు నగదు, నగలు, దస్తావేజులు తీసుకోబోమని రసీదు వెనక సన్న అక్షరాల్లో ముందే రాసుకుంటాయి. ట్రాన్సిట్ బీమా అని రేటులో కలిపి తీసుకునేది కూడా సాధారణంగా ఫ్రిజ్, టీవీ, కలప సామాను విరిగితే పనికొచ్చేదే. అది నిజంగా బీమా కంపెనీ పాలసీయేనా, లేక రవాణావాళ్లు తమ లెక్కలో వేసుకున్న రుసుమా అన్నది పాలసీ కాగితం చేతికి తీసుకుంటేనే తెలుస్తుంది. మామూలు గృహబీమా సంగతీ చూద్దాం. 2021 ఏప్రిల్ నుంచి సాధారణ బీమా కంపెనీలన్నీ ఇవ్వాల్సిన భారత్ గృహరక్ష పాలసీ అగ్నిప్రమాదం, వరద, తుపాను లాంటి వాటికి మంచిదే. నగలకు మాత్రం విడిగా చేర్పించుకోవాలి, దొంగతనానికి చాలావరకు వేరే రక్షణ కొనుక్కోవాలి. కొత్త చిరునామా రాయించేదాకా ఆ పాలసీ పాత ఇంటిదే.

లాకరును చాలామంది ఈ ఆందోళనలన్నిటికీ మందు అనుకుంటారు. చాలావరకు నిజమే. దానికీ లెక్కుంది. సుప్రీంకోర్టు 2021 ఫిబ్రవరిలో ఒక లాకరు కేసులో బ్యాంకులు చేతులు దులుపుకుంటే కుదరదని తీర్పు చెప్పాక, ఆర్‌బీఐ అదే ఏడాది ఆగస్టులో కొత్త నియమాలు పెట్టింది. 2022 జనవరి 1 నుంచి అవి అమల్లో ఉన్నాయి. అగ్నిప్రమాదం, దొంగతనం, దోపిడీ, భవనం కూలడం, బ్యాంకు ఉద్యోగి మోసం వల్ల వస్తువులు పోతే బ్యాంకు బాధ్యత ఏడాది అద్దెకు 100 రెట్లు. 3,000 అద్దె కట్టేవాళ్లకు 3 లక్షలు. భూకంపం, వరద, పిడుగు వంటి వాటికి, తన నిర్లక్ష్యం లేకపోతే, బ్యాంకు బాధ్యత లేదు. లాకరు తెరిచిన రోజే మనకు ఎస్ఎంఎస్ రావాలి. మూడేళ్లు అద్దె కట్టకపోతే పద్ధతి ప్రకారం నోటీసులిచ్చి పగలగొట్టవచ్చు. పాత చిరునామాకు వెళ్లిన ఆ నోటీసులు మనకు అందకపోవడమే ఇల్లు మారినవాళ్లకు వచ్చే కష్టం. చిరునామా మార్పు లాకరు ఉన్న శాఖలో కూడా రాసివ్వాలి.

ఊరు మారుతున్నవాళ్లు తరచూ తడబడేది వరుసలో. పాత లాకరు ఖాళీ చేసి, నగలు సంచీలో వేసుకుని, కొత్త ఊళ్లో లాకరు కోసం తిరుగుతారు. అక్కడ ఖాళీ ఉండదు. వారం పది రోజులు ఆ సంచీ కొత్త ఇంట్లో, ఇంకా తాళాలు మార్చని బీరువాలో ఉంటుంది. ఖాళీ లాకర్ల జాబితా, వెయిటింగ్ లిస్టు ప్రతి శాఖా ఉంచాలని ఆర్‌బీఐ నియమాల్లోనే ఉంది కాబట్టి ముందే అడిగి వరుసలో పేరు రాయించుకోవచ్చు. కొత్త లాకరు తాళం చేతికి వచ్చాకే పాతది ఖాళీ చేయండి. అంతవరకు పాత ఊళ్లోనే ఉండనివ్వడంలో నష్టమేమీ లేదు.

లాకరు దొరకనివాళ్లు బ్యాంకులో చిన్న మొత్తానికి బంగారం కుదువ పెట్టడం మన ఊళ్లలో ఉన్నదే. విదేశాలకు పోయేవాళ్లు కూడా చేస్తారు. దీన్ని తక్కువ చూపు చూడనక్కర్లేదు. లాకరులో ఏముందో బ్యాంకుకు తెలియదు, అందుకే అక్కడ పరిహారానికి అద్దె లెక్క. కుదువ పెట్టిన నగను మాత్రం తూచి, స్వచ్ఛత చూసి, రసీదు ఇస్తారు. ఆ వస్తువును జాగ్రత్తగా చూసే బాధ్యత చట్టం ప్రకారం వాళ్లదే. నాలుగైదు వారాల వడ్డీ ఒక రకంగా కాపలా కూలి అనుకోవచ్చు. ఇది బ్యాంకుల మాట, వీధి చివర తాకట్టు కొట్లకు వర్తించదు.

బంగారం పోతే డబ్బు పోతుంది. దస్తావేజు పోతే ఆస్తిని నిలబెట్టుకునే దారి ఇరుకవుతుంది. ఇల్లు మారేటప్పుడు ఇంటి పెద్ద ఫైలు ఒకటి ఉంటుందే, మచ్చలుపడిన అట్ట ఫైలు, దారంతో కట్టి ఉంటుంది. అందులో ఇంటి దస్తావేజు, అంతకుముందు చేతులు మారిన లింకు డాక్యుమెంట్లు, పట్టాదారు పాస్‌పుస్తకం, ఎల్ఐసీ బాండ్లు, పిల్లల పదో తరగతి మెమోలు, తాతగారి వీలునామా, ఎవరికో ఇచ్చిన అప్పు ప్రామిసరీ నోటు అన్నీ ఒకచోటే ఉంటాయి. వీటిలో మళ్లీ దొరికేవి, దొరకనివి వేరు చేసుకోవాలి. రిజిస్టరయిన దస్తావేజుకు 1908 రిజిస్ట్రేషన్ చట్టం కింద సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో సర్టిఫైడ్ కాపీ దొరుకుతుంది. ఈసీ ఆన్‌లైన్లోనే చూసుకోవచ్చు. కానీ ఇంటిమీద అప్పు కావాలంటే బ్యాంకు తనఖాగా తీసుకునేది అసలు దస్తావేజునే. అది పోయిందంటే పోలీసు ఫిర్యాదు, పత్రికలో ప్రకటన, అఫిడవిట్ అడుగుతారు. ఇంత చేసినా కొనేవాడి మనసులో ఎక్కడో అనుమానం మిగులుతుంది. మెమోలకు బోర్డు నుంచి డూప్లికేటు వస్తుంది, చాలావాటిని డిజిలాకరులో ముందే దించుకోవచ్చు. రిజిస్టరు కాని వీలునామా, ప్రామిసరీ నోటు, తెల్లకాగితం మీద రాసుకున్న పారిఖత్తు మాత్రం ఆ ఒక్క కాగితమే. అది చిరిగితే, తడిస్తే, పోతే ప్రభుత్వంలో ఏ కార్యాలయమూ మళ్లీ ఇవ్వలేదు. నా మట్టుకు నేను, ఇల్లు మారే రోజున ఒక్క సంచీయే చేతిలో పట్టుకునే వీలుంటే నగల సంచీ కన్నా ముందు ఆ ఫైలునే పట్టుకోమంటాను.

ల్యాప్‌టాప్, హార్డ్‌డిస్కులు కూడా చేతిలోనే రావాలి, అంతకుముందే వాటిలోని ఫొటోలు ఇంకోచోట కాపీ అయి ఉండాలి. పాత చిరునామాకు వచ్చే కొత్త ఏటీఎం కార్డు, చెక్కుబుక్కు సంగతి మరవకూడదు. బ్యాంకుల్లో చిరునామా మార్చేలోపు వచ్చే ఉత్తరాలను కొత్త ఇంటికి మళ్లించమని పోస్టాఫీసులో రాసివ్వవచ్చు. ఇల్లు మారుతున్నామని వాట్సాప్ స్టేటస్ పెట్టేది సామాను దిగాక, తాళాలు మారాక.

ఆ రోజున ఎవరు ఏం చేయాలన్నది ముందు రాత్రే తేలాలి. నా అనుభవంలో ఇల్లంతటినీ కాపాడేది ఏ పనీ చేయని మనిషి. ఇంట్లో నమ్మకమైన ఒకరు, అత్తగారో, మేనమామో, పెద్ద కూతురో, ఆ రోజు సామాను సర్దరు, లెక్క చూడరు, టీలు ఇవ్వరు. సంచీ పట్టుకుని కూర్చుంటారు. వాళ్లు లారీలో కాదు, కారులో ఇంకొకరి తోడుతో వస్తారు. సంచీ నగల దుకాణం పేరున్న ఎర్రసంచీ కాకూడదు, మామూలు బడిసంచీ చాలు. వీలైతే వాళ్లు ముందు రోజే దగ్గరి బంధువుల ఇంటికి వెళ్లిపోవడం ఇంకా మంచిది. నగలు బీరువా లోపలి లాకరులోనే ఉంచి, తాళం వేసేశాం కదా అని బీరువాతో పాటు లారీ ఎక్కించేవాళ్లు ఇంకా ఉన్నారు. బీరువాను మెట్ల మీద పక్కకు వంచి దించేటప్పుడు లోపల వస్తువులు దొర్లిన చప్పుడు మోసేవాళ్లకు వినపడుతుంది. ఆ లోపలి తాళం ఎంత గట్టిదో వాళ్లకు మనకంటే బాగా తెలుసు.

ఊరు దాటే ప్రయాణమైతే జాగ్రత్త ఇంకాస్త పెరగాలి. ప్రైవేటు బస్సులో పైన సామాను గూట్లో పెట్టి, దాబా దగ్గర దిగి టీ తాగి వచ్చేసరికి సంచీ పోయిందన్న వార్తలు తరచూ చదువుతూనే ఉన్నాం. రైల్లో మన దగ్గరే ఉంచుకున్న సామానుకు, తమ సిబ్బంది నిర్లక్ష్యం రుజువైతే తప్ప, రైల్వే బాధ్యత లేదని 1989 రైల్వే చట్టం చెబుతోంది. విమానంలో అయితే చేతి సామానులోనే. ఎన్నికల కోడ్ ఉన్న రోజుల్లో దారిలో తనిఖీలుంటాయి, నగదు 50,000 దాటితే ఆధారం అడుగుతారు. నగల బిల్లులు, లాకరు రసీదు, కొత్త ఇంటి అగ్రిమెంటు కాపీ వెంట ఉంటే నడిరోడ్డు మీద సంజాయిషీ చెప్పుకునే అవస్థ తప్పుతుంది.

కొత్త ఇంటికి చేరగానే పని అయిపోలేదు. అద్దె ఇంటి తాళానికి పాత అద్దెదారు దగ్గర, వాళ్ల పనిమనిషి దగ్గర, రంగులు వేసినవాడి దగ్గర ఇంకా ఎన్ని తాళంచెవులు ఉన్నాయో ఇంటి యజమానికి కూడా తెలియదు. సొంతంగా కట్టుకున్న ఇంటికైతే మేస్త్రీ నుంచి వడ్రంగి దాకా అందరి చేతుల్లోనూ అవి తిరిగాయి. సింహద్వారం తాళం మార్చడం మొదటి రోజు పని. కిటికీలకు గ్రిల్స్ పడేదాకా నగలు ఆ ఇంట్లోకి రాకూడదు. ఇంట్లో పెట్టుకునే చిన్న సేఫును గోడకు బోల్టులతో బిగించకపోతే దొంగ దాన్ని తెరవనక్కర్లేదు, ఎత్తుకుపోతాడు.

ఒకేసారి మారిపోయేవాళ్ల సంగతి ఇది. నెలలు, ఏళ్ల తరబడి సగం సగంగా మారేవాళ్లూ ఉన్నారు. 2016లో ఆంధ్రప్రదేశ్ సచివాలయం హైదరాబాద్ నుంచి వెలగపూడికి తరలినప్పుడు పిల్లల చదువుల కోసం కుటుంబాన్ని హైదరాబాద్‌లో ఉంచి, తాము విజయవాడలో గది తీసుకుని వారాంతాల్లో తిరిగిన ఉద్యోగులు ఎందరో. ఇలా రెండిళ్లున్నప్పుడు పండక్కని కొన్ని నగలు ఇటు, పెళ్లికని కొన్ని అటు తరలుతుంటాయి. ఏది ఎక్కడుందో ఎవరికీ జాబితా ఉండదు. ఇలాంటివాళ్లు విలువైనవన్నీ ఒకే ఊళ్లో ఉంచి, అటూ ఇటూ కదిలిన ప్రతిసారీ పుస్తకంలో రాసుకోవాలి.

అమెరికాలో స్థిరపడిన మనవాళ్లకు అక్కడి రూలు తెలిసి ఉండాలి. రాష్ట్రం దాటి సామాను తరలించేటప్పుడు అదనపు ఖర్చు లేకుండా వచ్చే రక్షణను ఎంచుకుంటే, పోయిన వస్తువుకు ఇచ్చేది పౌను బరువుకు 60 సెంట్లు. 100 గ్రాముల హారానికి లెక్కవేస్తే 13 సెంట్లు. పూర్తి విలువ రక్షణ తీసుకున్నా, పౌనుకు 100 డాలర్లు దాటే వస్తువులను విడిగా రాసి చెప్పకపోతే రవాణా సంస్థ బాధ్యత తగ్గిపోతుంది. మన నగల్లో ఆ లెక్క దాటనిది ఉండదు. ఇక్కడినుంచి నగలతో వెళ్లేవాళ్లు తిరిగి తెచ్చుకునేటప్పుడు సుంకం ఇబ్బంది లేకుండా విమానాశ్రయంలో కస్టమ్స్ వారి ఎగుమతి ధ్రువపత్రం తీసుకోవాలి. అందుకు మూడు నాలుగు గంటలు ముందే వెళ్లాలి.

ఇంత జాగ్రత్తపడినా పోతే? ముందు వెతకాలి, వెంటనే వెతకాలి. విప్పని పెట్టెలు, చెత్తసంచులు, పాత సామాన్ల వాడి కొట్టు, పాత ఇంటి అటక. ఒక్క రోజులో ఇది అయిపోవాలి. దొరకకపోతే ఫిర్యాదు ఆలస్యం చేయకూడదు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత ప్రకారం ఏ స్టేషనులోనైనా ఫిర్యాదు ఇవ్వవచ్చు, వస్తువు పోయింది పాత ఇంట్లోనా కొత్త ఇంట్లోనా అని తిప్పి పంపకూడదు. ఆన్‌లైన్లో ఇస్తే మూడు రోజుల్లో వెళ్లి సంతకం చేయాలి. మోసుకెళ్లడానికి అప్పగించిన సామానును రవాణాదారు కాజేస్తే భారతీయ న్యాయ సంహిత 316వ సెక్షన్ కింద ఏడేళ్ల వరకు శిక్ష ఉంది. సామాను పట్టుకుని అదనంగా డబ్బు గుంజేవాళ్ల మీద వినియోగదారుల కమిషన్‌కు రెండేళ్లలోపు, మనం ఉంటున్న జిల్లాలోనే వెళ్లవచ్చు, 1915 నంబరుకు ఫోను చేసి అడగవచ్చు. దొరికిన నగలు ఏళ్ల తరబడి స్టేషను మాల్‌ఖానాలో ఉండిపోకుండా, ఫొటోలు తీసి పంచనామా రాసి యజమానికి త్వరగా ఇవ్వాలని సుప్రీంకోర్టు 2002లోనే చెప్పింది. మీ దగ్గరున్న ఫొటోలు, జాబితా ఇక్కడ బాగా అక్కరకొస్తాయి.

ఒక విషయం నన్ను చాలా కాలంగా బాధపెడుతోంది. వస్తువు కనపడకపోగానే మొదటి అనుమానం సామాను మోసినవాళ్ల మీదికో, ఇంట్లో పాచిపని చేసే మనిషి మీదికో పోతుంది. లిఫ్టు లేని మూడో అంతస్తుకు ఫ్రిజ్‌ను వీపు మీద మోసిన మనిషిని ఆ సాయంత్రమే స్టేషనుకు పిలిపిస్తారు. రెండు రోజుల కూలి పోతుంది, ఇంకెవరూ పనికి పిలవరు. తర్వాత గొలుసు బియ్యం డబ్బాలోనో, బొమ్మల పెట్టెలోనో దొరికితే ఇంట్లోవాళ్లు ఊపిరి పీల్చుకుని దేవుడికి కొబ్బరికాయ కొడతారు. ఆ మనిషికి మాత్రం ఎవరూ ఫోను చేయరు. లారీ రాకముందే నగలు ఇల్లు దాటితే ఈ అన్యాయానికి చోటే ఉండదు. వస్తువు వాళ్ల కంట పడనప్పుడు వాళ్ల మీద అనుమానమే రాదు. ఇల్లు మారబోయేవాళ్లకు నా విన్నపం రెండు మాటలే. ఫిర్యాదులో మీకు తెలిసింది మాత్రమే రాయండి, అనుమానం మీద కూలివాడి పేరు రాయకండి. పోయిందనుకున్నది ఇంట్లోనే దొరికితే ఆ రోజే స్టేషనుకు వెళ్లి దొరికిందని రాసిచ్చి, మీరు అనుమానించిన మనిషి ఇంటికి కూడా వెళ్లి చెప్పి రండి.